వీసా కిటికీ అవతలి కుర్చీకి ఎన్ని దారులు? అమెరికా నల్లజాతి యువతకు దౌత్య, ప్రభుత్వ కొలువుల పోలిక

హైదరాబాద్ నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో కిటికీ అవతల కూర్చుని "ఏ యూనివర్సిటీ? ఫీజు ఎవరు కడుతున్నారు?" అని అడిగే మనిషి చాలామటుకు ఫారిన్ సర్వీస్‌లో, అంటే అమెరికా దౌత్యవేత్తల కొలువులో, తొలి పోస్టింగో రెండో పోస్టింగో చేస్తున్నవారై ఉంటారు. అమెరికా విదేశాంగ శాఖలో చేరిన కొత్తవాళ్లకు మొదటి రెండు పోస్టింగుల్లో ఒకటి దాదాపుగా కాన్సులర్ పనే (వీసాలు, విదేశాల్లోని తమ పౌరుల అవసరాలు చూడటం) పడుతుంది. ఆ కుర్చీదాకా చేరడానికి ఉన్న దారులేమిటి, దాని పక్కనే ఉన్న మిగతా ప్రభుత్వ కొలువులేమిటి, నల్లజాతి యువతీయువకుల్లో ఎవరికి ఏది నప్పుతుంది అన్నది ఇక్కడి విషయం.

తెలుగువాళ్లకి దీంతో పనేమిటంటారా? అమెరికా కాలేజీల్లో పాఠాలు చెప్తున్నవాళ్లు, ఆఫీసుల్లో టీములు నడుపుతున్నవాళ్లు మనలో బోలెడు మంది. చారిత్రకంగా నల్లజాతి విద్యాసంస్థలైన హెచ్‌బీసీయూల్లోనూ మనవాళ్లు పనిచేస్తున్నారు. "సార్, స్టేట్ డిపార్ట్‌మెంట్‌కి వెళ్లాలని ఉంది, ఎలా?" అని ఓ విద్యార్థి అడిగినప్పుడు ఏదో ఒక ఫెలోషిప్ పేరు చెప్పి పంపేయడం తేలిక. ఆ పేరు ఆ మనిషికి సరిపోతుందా అన్నది చూడటమే కష్టం. ఇంకో సంగతి: కింద చెప్పే ఫెడరల్ దారులన్నీ దాదాపుగా అమెరికా పౌరులకే. గ్రీన్ కార్డు ఉన్నా ఫారిన్ సర్వీస్‌కి చాలదు. అక్కడే పుట్టిన మన పిల్లలకు మాత్రం ఇవే తలుపులు తెరిచి ఉంటాయి.

ఈ పోలిక విడిగా ఎందుకు

1869లో ఎబెనెజర్ బాసెట్ హైతీకి వెళ్లారు. అమెరికా తొలి నల్లజాతి దౌత్యవేత్త ఆయనే. ఇరవై ఏళ్ల తర్వాత ఫ్రెడరిక్ డగ్లస్‌నీ అదే హైతీకి పంపారు. 1924 నాటి రోజర్స్ చట్టంతో పరీక్ష రాసి చేరే ఫారిన్ సర్వీస్ వచ్చింది. మరుసటి ఏడాదే క్లిఫ్టన్ వార్టన్ సీనియర్ ఆ పరీక్ష గట్టెక్కితే లైబీరియా ఇచ్చారు. ఆ తర్వాత దశాబ్దాల తరబడి నల్లజాతి అధికారుల్ని లైబీరియా, కెనరీ దీవులు, మడగాస్కర్ లాంటి కొన్ని చోట్ల మధ్యే తిప్పారు. శాఖలోపల దానికి 'నీగ్రో సర్క్యూట్' అని పేరు కూడా ఉండేది. 1957లో శిక్షణకు వచ్చిన టెరెన్స్ టాడ్‌మన్‌కి, వర్జీనియాలోని శిక్షణ సంస్థ దగ్గర తెల్ల సహోద్యోగులు తినే చోట కూర్చుని తినే హక్కు లేదు. ఆయన పట్టుబట్టి ఆ నియమం మార్పించారు. 2022లో శాఖ ప్రధాన కార్యాలయంలోని క్యాంటీన్‌కి ఆయన పేరే పెట్టారు.

ఇది పాత కథేగా అనుకుంటే ఈ లెక్క చూడండి. అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ 2020లో ఇచ్చిన నివేదిక ప్రకారం, 2002 నుంచి 2018 మధ్య విదేశాంగ శాఖ సివిల్ సర్వీస్‌లో (స్వదేశంలోనే ఉండి చేసే కొలువుల్లో) నల్లజాతీయుల వాటా 34 శాతం నుంచి 26 శాతానికి తగ్గింది. ఫారిన్ సర్వీస్‌లో 6 నుంచి 7కి చేరింది, అంతే. వాషింగ్టన్‌లో ఉండి చేసే పనిలో చోటు దొరికింది గానీ, విదేశాల్లో దేశం తరఫున మాట్లాడే పనిలో తలుపు ఇరుకుగానే ఉండిపోయింది. కాబట్టి "ప్రభుత్వ ఉద్యోగం" అని ఒకే గంపకింద పెట్టి సలహా చెప్తే తప్పు దారి పట్టించినట్టే.

దేన్ని బట్టి తూచాలి

చాలా గైడ్లు ప్రతిష్ఠతో మొదలుపెడతాయి. ప్రతిష్ఠని చివర్లో చూడొచ్చు. ముందు అడగాల్సినవి: చదువుకి, తయారీకి డబ్బు ఎవరు పెడతారు? చివర ఉద్యోగం ఖాయమా, లేక అర్హత మాత్రమేనా? బదులుగా ఎన్నేళ్లు రాసివ్వాలి? ఏ వయసులో, ఏ చదువు దగ్గర మొదలుపెట్టాలి?

ఐదో ప్రశ్న అన్నిటికంటే బరువైనది: మధ్యలో రాజకీయ గాలి మారితే చేతిలో ఏం మిగులుతుంది? 2025కి ముందు ఈ ప్రశ్న ఎవరూ అంత గట్టిగా అడగలేదు. ఆ ఏడాది జనవరిలో ఫెడరల్ నియామకాలు ఆపేశారు. వైవిధ్య కార్యక్రమాల్ని రద్దు చేస్తూ ఉత్తర్వు వచ్చింది. 1977 నుంచి మాస్టర్స్ పట్టభద్రుల్ని ప్రభుత్వంలోకి తెచ్చిన ప్రెసిడెన్షియల్ మేనేజ్‌మెంట్ ఫెలోస్ కార్యక్రమం ఫిబ్రవరిలో ఓ సంతకంతో ముగిసింది. జూలై 1న, విదేశాలకు సాయం అందించే యూఎస్‌ఎయిడ్ విడి సంస్థగా పనిచేయడం ఆగిపోయింది. అదే నెల 11న విదేశాంగ శాఖ 1,300 మందికి పైగా ఉద్యోగుల్ని తీసేసింది. వాళ్లలో ఫారిన్ సర్వీస్ వాళ్లూ ఉన్నారు. మూడు నాలుగేళ్ల ప్రణాళిక వేసుకుని నడుస్తున్న కుర్రాళ్ల కాళ్లకింద నేల ఒక్క ఏడాదిలో జారిపోయింది. అందుకని కింద ప్రతి దారినీ ఈ ప్రశ్నతో గీటు పెట్టి చూశాం.

| దారి | డబ్బు | ఉద్యోగ హామీ | బదులు ఇవ్వాల్సింది | గాలి మారితే మిగిలేది |
|---|---|---|---|---|
| ఫారిన్ సర్వీస్ పరీక్ష నేరుగా | సొంతం | లేదు, జాబితాలో పేరు వరకే | ఏమీ లేదు | చేస్తున్న ఉద్యోగం అలాగే ఉంటుంది |
| పికరింగ్, రాంగెల్ ఫెలోషిప్‌లు | ఏడాదికి 42,000 డాలర్ల దాకా, రెండేళ్లు | షరతులన్నీ తీరితే ఉంది | 5 ఏళ్ల సేవ | మాస్టర్స్ పట్టా, రెండు ఇంటర్న్‌షిప్‌లు |
| ఫెడరల్ సివిల్ సర్వీస్ | జీతం | పోస్టు దొరికితే | ఏమీ లేదు | గ్రేడ్, సర్వీసు కాలం |
| కాంగ్రెస్ (అమెరికా చట్టసభ) ఆఫీసులు | తక్కువ జీతం | లేదు | ఏమీ లేదు | పరిచయాలు, రాత నైపుణ్యం |
| నగర, రాష్ట్ర ప్రభుత్వాలు | ఫెలోషిప్ భత్యం లేదా జీతం | పోస్టును బట్టి | ఏమీ లేదు | ఫెడరల్ గాలికి దూరంగా నిలకడ |
| పీస్ కోర్ (విదేశాల్లో సేవకి వాలంటీర్లను పంపే అమెరికా ప్రభుత్వ సంస్థ) | ఖర్చులు, చివర్లో 10,000 డాలర్లకి పైగా | లేదు, సులువు నియామక అర్హత ఉంది | 27 నెలలు | భాష, క్షేత్ర అనుభవం |

పరీక్ష నేరుగా రాయడం

20 నుంచి 59 ఏళ్ల మధ్య ఉన్న పౌరులెవరైనా దరఖాస్తు చేయొచ్చు. డిగ్రీ తప్పనిసరి కాదు. చాలామందికి ఇది తెలియకపోవడమే మొదటి నష్టం. దరఖాస్తులోనే ఐదు విభాగాల్లో ఒకటి ఎంచుకోవాలి: కాన్సులర్, ఎకనామిక్, మేనేజ్‌మెంట్, పొలిటికల్, పబ్లిక్ డిప్లొమసీ. పేరు చూసి పొలిటికల్‌కి ఎగబడేవాళ్లు ఎక్కువ. బడ్జెట్లు, సిబ్బంది, కాంట్రాక్టులు చూసిన అనుభవం ఉన్నవాళ్లు మేనేజ్‌మెంట్ ఎంచుకుంటే ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి సరుకు ఉంటుంది. సైన్యంలో సరఫరాలు, రవాణా చూసి బయటికి వచ్చిన నల్లజాతి యువతకి ఇది అతికినట్టు సరిపోతుంది. అయినా వాళ్లకి ఆ సంగతి చెప్పేవాళ్లే తక్కువ.

రాతపరీక్ష దాటాక ఓరల్ అసెస్‌మెంట్. సాంప్రదాయికంగా దీనిలో మూడు ముక్కలు: గత అనుభవాల మీద ఇంటర్వ్యూ, 90 నిమిషాల్లో కాగితాల కట్ట చదివి మెమో రాయడం, గుంపుగా చర్చించి నిర్ణయానికి రావడం. 7కి 5.25 వస్తే గట్టెక్కినట్టు. గుంపు చర్చలో ఒక్కొక్కరికీ ఒక్కో ప్రాజెక్టు ఇస్తారు, ఉన్న డబ్బు మాత్రం అన్నిటికీ చాలదు. ఇక్కడ ఎక్కువమంది తప్పు చేసేది తన ప్రాజెక్టుని నెగ్గించుకోవాలని పట్టుబట్టడంలో. అది నెగ్గిందా లేదా అన్నదానికి మార్కులుండవు. పక్కవాళ్లది మెరుగైతే ఎంత సూటిగా ఒప్పుకున్నారో, తేలని విషయాన్ని ఎలా తేల్చారో పరీక్షకులు నోరు మెదపకుండా రాసుకుంటారు. మెమోలో జరిగే తప్పు వేరు: సమస్యనంతా చక్కగా వివరించి, ఏం చేయాలో చెప్పకుండానే టైం అయిపోవడం. మొదటి పేరాలోనే సిఫారసు రాసేయమని చెప్పండి.

పరీక్ష స్వరూపాన్ని శాఖ తరచూ మారుస్తుంటుంది. 2022లో రాతపరీక్ష మార్కు ఒక్కటే వడపోతగా వాడటం మానేసి, అభ్యర్థి రాసుకున్న అనుభవాలతో కలిపి చూడటం మొదలుపెట్టారు. కాబట్టి సీనియర్ ఇచ్చిన పాత గైడ్‌ని నమ్ముకుని చదివితే పాత సిలబస్‌కి ప్రిపేర్ అయినట్టే.

అసలు చిక్కు చివర్లో ఉంది. అన్నీ గట్టెక్కినా ఉద్యోగం రాదు, మార్కుల వరుసలో జాబితాలో పేరు చేరుతుంది. 18 నెలల్లో పిలుపు రాకపోతే పేరు పోతుంది, మళ్లీ మొదటినుంచి. మన దగ్గర మెరిట్ లిస్టులో పేరుండీ పోస్టింగ్ రాక ఎదురుచూసిన కుటుంబాలకి ఈ బాధ వేరే చెప్పక్కర్లేదు. భాష వస్తే అదనపు పాయింట్లు కలుస్తాయి కాబట్టి, ఈ ఎదురుచూపులో చేయదగిన మంచి పని ఒక భాష గట్టిగా నేర్చుకోవడం.

ఏ భాష? విదేశాంగ శాఖ శిక్షణ సంస్థ లెక్కలో ఫ్రెంచ్, పోర్చుగీస్, స్పానిష్‌లకు 24 నుంచి 30 వారాలు సరిపోతాయి. అరబిక్, మాండరిన్, జపనీస్, కొరియన్‌లకు 88 వారాలు. (తెలుగుకి 44. మన భాష అంత తేలికేం కాదని అమెరికా ప్రభుత్వమే ఒప్పుకుంది.) ఆఫ్రికా మీద ఆసక్తి ఉన్న వాళ్లకి ఫ్రెంచ్, పోర్చుగీస్ బాగానే పనికొస్తాయి. కానీ రంగు చూసి ఆఫ్రికాకే పంపుతారన్న భయం ఉన్నవాళ్లకి మా సలహా మాండరిన్‌లోనో అరబిక్‌లోనో గట్టి మార్కు తెచ్చుకోమని. పాత సర్క్యూట్‌ని ఇప్పుడెవరూ పేరు పెట్టి పిలవరు గానీ, ఇంకో ఖండపు భాష చేతిలో ఉన్నవాళ్లకి పోస్టింగులు అడిగేటప్పుడు మాట చెల్లుతుంది.

ఫెలోషిప్ దారి

రెండు పెద్ద పేర్లు. థామస్ పికరింగ్ ఫెలోషిప్ 1992లో మొదలైంది. చార్ల్స్ రాంగెల్ ఫెలోషిప్ 2002లో వచ్చింది. హార్లెమ్‌కి దశాబ్దాలపాటు కాంగ్రెస్‌లో ప్రాతినిధ్యం వహించిన రాంగెల్ పేరే దానికి పెట్టారు. రెండూ హోవర్డ్ యూనివర్సిటీ ద్వారా నడిచాయి, ఒక్కోదానికి ఏటా 45 మంది చొప్పున ఎంపిక చేస్తూ వచ్చారు. డిగ్రీ మార్కుల సగటు (జీపీఏ) 4కి 3.2 ఉండాలి. రెండేళ్ల మాస్టర్స్‌కి మాత్రమే డబ్బిస్తారు. లా పట్టాకి, డాక్టరేట్‌కి రాదు. నల్లజాతివాళ్లకే అన్న నియమం ఏదీ లేదు, తక్కువ ప్రాతినిధ్యం ఉన్న వర్గాలవాళ్లని ప్రోత్సహిస్తూ వచ్చారు. ఎవరైనా పౌరులు పోటీపడొచ్చు.

రెంటికీ తేడా వేసవుల్లో ఉంది. పికరింగ్ వాళ్లు ఒక వేసవి వాషింగ్టన్‌లో విదేశాంగ శాఖలో, ఇంకో వేసవి ఎంబసీలో గడుపుతారు. రాంగెల్ వాళ్ల మొదటి వేసవి కాంగ్రెస్ ఆఫీసులో, రెండోది విదేశంలో. విదేశాంగ శాఖలోనే బతుకు వెళ్లదీయాలని గట్టిగా అనుకున్నవాళ్లకి పికరింగ్ నప్పుతుంది. కాంగ్రెస్ ఎలా నడుస్తుందో తెలిస్తే ఇంకో తలుపు కూడా తెరిచి ఉంటుంది కాబట్టి, ఇంకా ఊగిసలాటలో ఉన్నవాళ్లకి రాంగెల్ మేలు.

డబ్బు లెక్క జాగ్రత్తగా చూడాలి. ఏడాదికి 42,000 అంటే రెండేళ్లకు 84,000 డాలర్లు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ అందులో ట్యూషన్‌కి కేటాయించేది 24,000 దాకానే, మిగతాది బతుకు ఖర్చులకి. పేరున్న ప్రైవేటు పాలసీ స్కూళ్లలో ట్యూషన్ ఒక్కటే ఏడాదికి 50,000 దాటుతుంది. చాలా స్కూళ్లు ఫెలోలకు తమ వంతు జతచేసి ఆ తేడా పూడుస్తాయి, అన్నీ కాదు. సీటు ఒప్పుకునేముందు ఎంత జత చేస్తారో రాతపూర్వకంగా తీసుకోవాలి. మాటమీద నమ్మి చేరి, రెండో ఏడు అప్పు చేయాల్సి రావడం ఇక్కడ జరిగే మామూలు పొరపాటు. ఇంకోటి, ఫెలోషిప్ దరఖాస్తు శరదృతువులో, గ్రాడ్ స్కూలు దరఖాస్తులు కూడా అదే సీజన్‌లో. ఫెలోషిప్ ఫలితం వచ్చాక స్కూళ్లకి రాద్దామనుకుంటే ఏడాది పోయినట్టే.

ఐదేళ్లు పనిచేయకుండా మానేస్తే తీసుకున్న డబ్బు తిరిగి కట్టాలి. వైద్య, భద్రతా పరీక్షలు దాటాకే ఉద్యోగం అన్నది కూడా గుర్తుంచుకోవాలి. దీనికితోడు ఒక సామాజిక ధర ఉంది: ఫెలోలుగా చేరినవాళ్లని "పక్కదారిన వచ్చారు" అని గుసగుసలాడే సహోద్యోగులుంటారు. ఎంపికలో పోటీ ఎంత గట్టిదో వాళ్లకి తెలిసినా ఆ గుసగుస ఆగదు. 1973లో నల్లజాతి అధికారులు కలిసి పెట్టుకున్న థర్స్‌డే లంచన్ గ్రూప్ లాంటి సంఘాలు అలాంటప్పుడే అక్కరకొస్తాయి. కొత్తగా చేరినవాళ్లు మొదటి నెలలోనే పరిచయం చేసుకోవాలి.

మూడో పేరు డొనాల్డ్ పేన్ ఫెలోషిప్. అది అభ్యర్థుల్ని యూఎస్‌ఎయిడ్‌లోకి తీసుకెళ్లేది. ఆ సంస్థే లేదు కనుక, పాత బ్రోషర్‌లో కనిపించినా పట్టించుకోకండి. పికరింగ్, రాంగెల్‌ల విషయంలోనూ ఆ ఏడాది దరఖాస్తులు తీసుకుంటున్నారా అని హోవర్డ్, విదేశాంగ శాఖ పేజీలు రెండూ చూసుకోకుండా గ్రాడ్ స్కూలు ప్లాను దాని మీద కట్టొద్దు.

ఫెడరల్ సివిల్ సర్వీస్

వాషింగ్టన్‌లోనో, దేశంలో ఇంకెక్కడైనానో ఒకచోట స్థిరపడి పనిచేయాలనుకునేవాళ్లకిది. తల్లిదండ్రుల్ని చూసుకోవాల్సినవాళ్లు, భార్యో భర్తో తమ ఉద్యోగం వదల్లేనివాళ్లు ఫారిన్ సర్వీస్‌లో రెండు మూడేళ్లకోసారి ఊరు మార్చే బతుకుకంటే దీన్నే ఇష్టపడతారు. జీఎస్ అన్నవి ఫెడరల్ జీతాల మెట్లు. డిగ్రీతో సాధారణంగా జీఎస్-5, సగటు 3.0 లాంటి ప్రతిభ చూపిస్తే జీఎస్-7, మాస్టర్స్‌తో జీఎస్-9 దగ్గర మొదలవుతుంది. దరఖాస్తులో ఈ సగటు సంగతి పెట్టక రెండు మెట్లు కింద చేరినవాళ్లు ఎక్కువే.

రెజ్యూమే గురించి మాత్రం పాత సలహాలన్నీ తీసి పక్కన పెట్టండి. ఐదారు పేజీల ఫెడరల్ రెజ్యూమే రాయాలన్న మాట ఇన్నాళ్లూ నిజమే. 2025 మేలో వచ్చిన నియామక పథకంలో రెండు పేజీలకే పరిమితం చేశారు. మూడో పేజీ ఉంటే వడపోతలోనే పోతుంది.

బలహీనత ప్రొబేషన్. మొదటి ఏడాది, కొన్ని రకాల పోస్టుల్లో రెండేళ్లు, తీసేయడం తేలిక. 2025 ఫిబ్రవరిలో దెబ్బ పడింది ముందు వీళ్లమీదే. అందుకని చేరిన మొదటి ఏడాదిలోనే కొత్త ఇంటికి అప్పు తీసుకోవద్దని చెప్పడం అతి జాగ్రత్త కాదు.

కాంగ్రెస్ ఆఫీసులు

1971లో నల్లజాతి సభ్యుల బృందంగా ఏర్పడిన కాంగ్రెషనల్ బ్లాక్ కాకస్‌కి అనుబంధంగా 1976లో వచ్చిన ఫౌండేషన్ ఇంటర్న్‌షిప్‌లు, ఫెలోషిప్‌లు నడుపుతుంది. తొలి మెట్టుకి ఇది మంచి దారి. 2018 నుంచి కాంగ్రెస్ ఇంటర్న్‌ల జీతాలకు డబ్బు కేటాయిస్తోంది. అంతకుముందు ఊరికే పనిచేయగలిగిన ఇళ్ల పిల్లలకే వాషింగ్టన్ వేసవి దక్కేది.

ఇక్కడ చూసేది రాత. ఒక బిల్లు మీద సభ్యుడు ఎటు ఓటు వేయాలో ఒక్క పేజీలో చెప్పమంటారు. చట్టసభల సిబ్బందిలో పైమెట్లు ఇంకా తెల్లవాళ్లవే: సెనేట్ ఆఫీసుల్లో పై హోదాల్లో ఉన్నవాళ్లలో నల్లజాతీయులు, లాటినోలు, ఆసియావాళ్లు, ఆదివాసీలు అందరూ కలిసి 7.1 శాతమేనని జాయింట్ సెంటర్ అనే అధ్యయన సంస్థ 2015లో లెక్కతేల్చింది. ఆ లెక్క తర్వాత కొంత కదలిక వచ్చినా, కింద చేరినవాళ్లు పైకెక్కడానికి ఆఫీసు మారాల్సి రావడం మామూలే. సభ్యుడు ఓడిపోతే ఉద్యోగమూ పోతుంది. జీతం తక్కువ, వాషింగ్టన్ అద్దెలు ఎక్కువ. రెండేళ్లకి మించి మొదటి మెట్టుమీదే ఉంటే అక్కడే ఇరుక్కున్నట్టు లెక్క.

నగరం, రాష్ట్రం

దౌత్యం కావాలన్నవాళ్లకి నగరపాలన సలహా చెప్తే ముఖం చిట్లిస్తారు. ఆండ్రూ యంగ్‌ని చూపించండి. కాంగ్రెస్ సభ్యుడిగా, 1977 నుంచి ఐక్యరాజ్యసమితిలో అమెరికా రాయబారిగా, 1982 నుంచి అట్లాంటా మేయరుగా పనిచేశారు. పెట్టుబడుల్ని, విదేశీ కంపెనీల్ని నగరానికి తేవడంలో ఆయనకి రాయబారిగా ఉన్నప్పటి పరిచయాలే పెట్టుబడి.

న్యూయార్క్ నగరపు అర్బన్ ఫెలోస్ 1969 నుంచి ఉంది, 1942లో పుట్టిన కోరో సంస్థ కోరో ఫెలోస్ నడుపుతోంది. తొమ్మిది నెలల్లో బడ్జెటు ఎలా తయారవుతుందో, కాంట్రాక్టులు ఎలా ఇస్తారో లోపలినుంచి చూపిస్తాయి. పెద్ద నగరాల్లో అంతర్జాతీయ వ్యవహారాల విభాగాలుంటాయి. చిన్నవే, కానీ కాన్సులేట్లతో, వ్యాపార బృందాలతో రోజూ పని. వాషింగ్టన్‌లో ప్రభుత్వం మారినా అట్లాంటాలో, డెట్రాయిట్‌లో చెత్త ఎత్తాలి, నీళ్లివ్వాలి. ఐదో ప్రశ్నకి ఇంతకంటే గట్టి జవాబు ఇంకో దారిలో లేదు. లోటు ఏమిటంటే రహస్య సమాచారం చూడటానికి కావాల్సిన భద్రతా అనుమతి రాదు, ఎంబసీ అనుభవం దొరకదు.

పీస్ కోర్, విదేశీ స్కాలర్‌షిప్‌లు, ఐక్యరాజ్యసమితి

పీస్ కోర్ 27 నెలలు: మూడు నెలలు శిక్షణ, రెండేళ్లు పని. ముగించినవాళ్లకి ఏడాదిపాటు పోటీ లేకుండా ఫెడరల్ నియామకానికి అర్హత ఉంటుంది. పెల్ గ్రాంటు (తక్కువ ఆదాయ కుటుంబాల పిల్లలకిచ్చే ఫెడరల్ సాయం) తీసుకునే డిగ్రీ విద్యార్థులకు గిల్మన్ స్కాలర్‌షిప్ 5,000 డాలర్ల దాకా ఇస్తుంది, అదే అర్హతా వస్తుంది. కాలేజీలో ఉండగానే పాస్‌పోర్టు మీద మొదటి ముద్ర కావాలంటే అందరూ ముందు చూడాల్సింది ఇదే. దీనికి డబ్బున్న ఇంటి పిల్లలు పోటీకి రారు. విదేశాల్లో భాషలు నేర్చుకోవడానికిచ్చే బోరెన్ అయితే 25,000 డాలర్ల దాకా ఇస్తుంది గానీ, బదులుగా జాతీయ భద్రతకి సంబంధించిన ఫెడరల్ కొలువులో కనీసం ఏడాది పనిచేయాలి. నియామకాలే ఆగిపోయిన కాలంలో ఆ షరతు తీర్చడం అభ్యర్థి చేతిలో ఉండదు.

ఐక్యరాజ్యసమితి యంగ్ ప్రొఫెషనల్స్ కార్యక్రమానికి 32 ఏళ్లలోపు ఉండాలి, ఆ ఏడాది జాబితాలో అభ్యర్థి దేశం ఉండాలి. ఐక్యరాజ్యసమితి సచివాలయంలో ఇంటర్న్‌షిప్‌కి జీతం లేదు. న్యూయార్క్‌లో సొంత ఇల్లు లేనివాళ్లు ఇది ఆలోచించుకోవాలి.

అప్పు ఉంటే

విద్యారుణం మోస్తున్నవాళ్లకి పబ్లిక్ సర్వీస్ లోన్ ఫర్‌గివ్‌నెస్ పథకమే ఒక్కోసారి జీతంకంటే పెద్దది. ప్రభుత్వంలో, అర్హత ఉన్న లాభాపేక్షలేని సంస్థల్లో పూర్తికాలం పనిచేస్తూ 120 నెలసరి వాయిదాలు కడితే మిగతా అప్పు రద్దు. నగరపాలన, రాష్ట్రం, ఫెడరల్, పీస్ కోర్ అన్నీ లెక్కకొస్తాయి. ఐక్యరాజ్యసమితి రాదు. పొరపాట్లు జరిగేది రెండుచోట్ల. డైరెక్ట్ లోన్ (ఫెడరల్ ప్రభుత్వమే నేరుగా ఇచ్చే రుణం) కాని పాత రుణాల్ని అందులోకి మార్పించుకోకుండా ఏళ్లు కట్టడం, వాయిదా మినహాయింపు తీసుకున్న నెలల్ని లెక్కలో కలుపుకోవడం. ఫెలోషిప్ డబ్బుతో మాస్టర్స్ చదివే రెండేళ్లూ ఈ 120లోకి రావు. కాబట్టి అప్పటికే నాలుగేళ్లు కట్టినవాళ్లకి మాస్టర్స్ మానేసి నేరుగా పరీక్ష రాయడమే లాభం కావచ్చు.

అన్ని ఫెడరల్ దారుల్లో ఇరుక్కునే చోటు

భద్రతా అనుమతి కోసం నింపే ఎస్‌ఎఫ్-86 ఫారం పదేళ్ల ఇళ్లు, పదేళ్ల ఉద్యోగాలు అడుగుతుంది. విదేశీ పరిచయాలు, మాదకద్రవ్యాల వాడకం ఏడేళ్లది. రాష్ట్రంలో చట్టబద్ధమైనా గంజాయి ఫెడరల్ చట్టంలో నేరమే, రాయాల్సిందే. నైజీరియాలోనో ఇథియోపియాలోనో బంధువులున్నారని అనుమతి ఆపరు, దాస్తే ఆపుతారు.

నల్లజాతి యువతకి ఇక్కడ ప్రత్యేకంగా ఒక మాట చెప్పాలి. పోలీసులు ఆపి తీసుకెళ్లి తర్వాత వదిలేసిన అరెస్టు, కోర్టు కొట్టేసినది, రికార్డు సీలు చేసినది కూడా అడిగితే రాయాల్సిందే. "కొట్టేశారు కదా" అని వదిలేయడం వల్ల అసలు అరెస్టుకంటే పెద్ద సమస్య మొదలవుతుంది. నిర్ణయించేవాళ్లు 13 మార్గదర్శకాల్ని మొత్తంగా చూస్తారు. ఒక్క పాత తప్పుకంటే దాచడం బరువైనది.

అప్పు ఉండటం తప్పు కాదు, 120 రోజులు దాటి కట్టకపోవడం ఫారంలో రాయాల్సిన విషయం. ఇబ్బంది ఉంటే వాయిదాల ఒప్పందం చేసుకుని ఆ కాగితం దగ్గర పెట్టుకోవాలి. అబ్బాయిలు 26 ఏళ్లు నిండేలోపు సెలెక్టివ్ సర్వీస్‌లో (అవసరమైతే సైన్యంలోకి పిలవడానికి ప్రభుత్వం ఉంచే జాబితాలో) పేరు నమోదైందో లేదో చూసుకోవాలి. తెలిసీ నమోదు కానివాళ్లకి ఫెడరల్ ఉద్యోగానికే అర్హత పోతుంది. ఆ వయసు దాటాక సరిదిద్దుకునే వీలు ఉండదు.

ఎవరికి ఏది

డిగ్రీ రెండో ఏట ఉండి, పెల్ గ్రాంటు తీసుకుంటూ, ఎప్పుడూ దేశం దాటని విద్యార్థికి: ముందు గిల్మన్, మూడో ఏడు వేసవికి కాంగ్రెస్‌లో జీతం ఉన్న ఇంటర్న్‌షిప్, నాలుగో ఏడు శరదృతువులో రాంగెల్, గ్రాడ్ స్కూలు దరఖాస్తులు రెండూ కలిపి. ఫెలోషిప్ రాకపోయినా మిగతా రెండూ చేతిలో ఉంటాయి.

ఇరవై ఎనిమిదేళ్లుండి, అప్పు మోస్తూ, నగరంలో ఉద్యోగం చేస్తున్నవారికి: ఉద్యోగం మానొద్దు. పరీక్ష నేరుగా రాయండి. 120 వాయిదాలు నడుస్తూ ఉంటాయి, 18 నెలల జాబితా మురిగిపోయినా బతుకు ఆగదు.

సైన్యం నుంచి వచ్చినవారికి: మాజీ సైనికులకిచ్చే ప్రాధాన్యం సివిల్ సర్వీస్‌లోనూ ఫారిన్ సర్వీస్‌లోనూ కలుస్తుంది. మేనేజ్‌మెంట్ విభాగం చూడండి.

కుటుంబ బాధ్యతలతో ఊరు కదల్లేనివారికి: నగరం, రాష్ట్రం. దౌత్యం మీద మోజు పోకపోతే నగరపు అంతర్జాతీయ విభాగం.

ఏ దారి పట్టినా ఈ వారమే చేయాల్సిన పని ఒకటుంది. ఒక నోట్‌బుక్‌లో పదేళ్లుగా ఉన్న ప్రతి ఇంటి చిరునామా, చేరిన నెల, వదిలిన నెల, ఆ ఇంట్లో ఉన్నట్టు చెప్పగలిగే ఒకరి ఫోను నంబరు రాయించండి. ఆ పక్క పేజీలో ప్రతి విదేశ ప్రయాణం తేదీలతో. మూడేళ్ల తర్వాత ఎస్‌ఎఫ్-86 నింపే రాత్రి, కాలేజీ రెండో ఏడు వేసవిలో ఎవరి సోఫా మీద పడుకున్నామో గుర్తురాక తల పట్టుకునే పని తప్పుతుంది.